సొరుగు సర్దడమూ ఉద్యోగ ప్రయత్నమే

నోటిఫికేషన్ పడుతుంది. మీరు నెలల తరబడి చదువుతారు, పరీక్ష రాస్తారు, కీ చూసి మార్కులు లెక్కేసుకుంటారు. చివరికి మెరిట్ లిస్టులో మీ నంబరు కనపడుతుంది. ఫలానా తేదీన ఒరిజినల్స్‌తో సర్టిఫికెట్ల పరిశీలనకు హాజరు కావాలని సెల్‌ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. ఇంట్లో అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది.

"మా, నా ఆరో తరగతి స్టడీ సర్టిఫికెట్ యాడుంది?"

"ఆ సొరుగులోనే ఉండాల చూడు నాయనా. నేనేం తీయలేదే."

ఆ సొరుగు ఏదో మీకూ తెలుసు, మాకూ తెలుసు. కర్నూలులోనైనా కడపలోనైనా, ఆదోనిలోనైనా ప్రొద్దుటూరులోనైనా ప్రతి ఇంట్లో అలాంటిది ఒకటి ఉంటుంది. టీవీ స్టాండు కిందో, బీరువా లోపలో, కడప బండల అలమారాలో పెట్టిన రేకు డబ్బా రూపంలోనో ఉంటుంది. లాగితే సగం దాకా వచ్చి ఇరుక్కుంటుంది. లోపల కరెంటు బిల్లులు, పెళ్లిపత్రికలు, కాలం చెల్లిన మాత్రలు, ఏ బీగానిదో తెలియని చెవులు, పాత రిమోట్, తెగిన చార్జర్లు. వాటి అడుగున ఎక్కడో మీ పదో తరగతి మెమో, మీ నాయన పట్టాదారు పాసుపుస్తకం, జేజి పింఛను కాగితం. ఇంట్లో అన్నిటికంటే విలువైన కాగితాలు, అన్నిటికంటే పనికిరాని చెత్త ఒకే చోట కలిసి కాపురం చేస్తుంటాయి.

ఆ సొరుగు సర్దడం ఇంటి పని కాదు, మీ ఉద్యోగ ప్రయత్నంలో ఒక భాగం అని చెప్పడానికే ఈ నాలుగు మాటలు. కోచింగ్‌కు వేలు పెడుతున్నాం, టెస్ట్ సిరీస్‌లు కొంటున్నాం. వంద, నూటయాభై రూపాయల్లో అయ్యే ఈ పనిని మాత్రం చివరి రోజుకు వదిలేస్తున్నాం.

ఎన్ని కాగితాలు అడుగుతారో లెక్క వేసుకోండి

2025 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. అలాంటి నియామకంలో పరిశీలన రోజున ఏమేం చేతిలో ఉండాలో ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టండి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ పట్టా, బీఈడీ లేదా డీఈడీ, టెట్ మార్కులు, కుల ధ్రువీకరణ, ఆధార్, ఫొటోలు. వీటికి తోడు స్థానికత నిరూపించే స్టడీ సర్టిఫికెట్లు. ఆర్టికల్ 371డి కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల వల్ల మన దగ్గర ఉద్యోగాల్లో లోకల్, నాన్ లోకల్ లెక్క ఉంది. అందుకే నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఏ బడిలో చదివామో చూపించమంటారు. ఏడేళ్ల చదువు. మూడు బడులు మారి ఉంటే మూడు చోట్ల నుంచి మూడు కాగితాలు.

ఇక్కడే రాయలసీమ పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. వానలు మొహం చాటేసిన ఏడాది కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే ఇంటికి బీగం వేసి గుంటూరు వైపు మిరప కోతకు పోతాయి. పిల్లలు ఒక ఏడాది ఇక్కడ, ఒక ఏడాది అక్కడ చదువుతారు. పదేళ్ల తర్వాత ఆ కాగితాల అవసరం వచ్చేసరికి బడి పేరు మారి ఉండొచ్చు, ప్రైవేటు బడి అయితే మూతే పడి ఉండొచ్చు. అప్పుడు తిరగడం కంటే, చేతిలో ఉన్న ఒక్క కాగితాన్ని ఇప్పుడే భద్రం చేసుకోవడం మేలు.

మరో సంగతి. అన్ని కాగితాలూ ఒకసారి తీసుకుంటే జీవితాంతం పనికొచ్చేవి కావు. కేంద్ర ఉద్యోగాలకో, బ్యాంకు పరీక్షలకో అడిగే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్, ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ ఆర్థిక సంవత్సరాన్ని బట్టి చూస్తారు. సొరుగులో ఉందిలే అని ధీమాగా ఉంటే, అది రెండేళ్ల కిందటిదని కౌంటర్ దగ్గర తెలుస్తుంది. కాగితం ఉండటం ఒక్కటే చాలదు, దాని మీది తేదీ మనకు గుర్తుండాలి.

కొనడం కాదు, ముందు తీయడం

సర్దుకోవడం అనగానే ఆన్‌లైన్‌లో గళ్లు గళ్లుగా ఉండే ప్లాస్టిక్ ట్రేలు చూపిస్తారు. వీడియోలో చూడటానికి బాగుంటాయి. కానీ ఆ గళ్లు సాక్సులకో, చెంచాలకో చేసినవి. డిగ్రీ పట్టా వాటిలో పట్టదు, మడత పెట్టాల్సి వస్తుంది. మడత పడ్డ చోటే కాగితం మొదట చిరుగుతుంది. కాబట్టి ట్రేలకు పెట్టే డబ్బు మిగుల్చుకోండి. కావాల్సినవన్నీ ఇంట్లోనే ఉన్నాయి.

ఒక ఆదివారం పొద్దున సొరుగును పూర్తిగా బయటికి లాగి, నేల మీద చాప పరిచి బోర్లించండి. నాలుగు కుప్పలు చేయండి. ఒకటి, పోతే మళ్లీ తెచ్చుకోవడం కష్టమైనవి: మెమోలు, పట్టాలు, పుట్టిన తేదీ సర్టిఫికెట్, భూమి కాగితాలు. రెండు, తరచూ అడిగేవి: ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, ఫొటోలు. మూడు, కొన్నాళ్లు ఉంచి తీసేయాల్సినవి: బిల్లులు, ఫీజు రసీదులు, వారంటీ కార్డులు. నాలుగు, కాగితాలు కానివి: చెవులు, చార్జర్లు, మాత్రలు, బ్యాటరీ సెల్లులు.

నాలుగో కుప్పను ఆ సొరుగులోకి మళ్లీ రానివ్వకండి. దాని చోటు వేరు. పాత మిఠాయి డబ్బా ఒకటి చాలు. తేదీ దాటిన మాత్రలు తీసేయండి. గుండు సూదులు, గుండ్రటి చిన్న సెల్లులు పిల్లలకు అందని చోట పెట్టండి. ఉబ్బిన ఫోన్ బ్యాటరీ ఉంటే కాగితాల పక్కన ఒక్క రోజు కూడా ఉంచొద్దు, అది అంటుకునే ప్రమాదం ఉంది.

మొదటి కుప్పకు కొత్త చొక్కా వచ్చిన అట్టపెట్టె సరిపోతుంది. పెళ్లిపత్రికల మందపాటి కవర్లను నిలువుగా కత్తిరిస్తే మంచి విభాగాలవుతాయి. ఒక్కొక్కరికి ఒక కవరు. పైన పేరు స్కెచ్ పెన్నుతో పెద్దగా రాయండి, కళ్లజోడు లేకుండానే జేజికి కనపడేలా. కొనాల్సింది ఏదైనా ఉంటే ఒక మంచి ఫైలు, నాలుగైదు బిగుతుగా మూసుకునే కవర్లు మాత్రమే.

మన ఎండకు, మన చెదలకు తగ్గట్టు

కర్నూలు, కడప ఎండలు మనుషులనే కాదు, కాగితాలనూ వదలవు. రబ్బరు బ్యాండు వేసి కట్టిన మెమోలు రెండు వేసవులు గడిచాక చూడండి. రబ్బరు కరిగి కాగితానికి అతుక్కుపోయి ఉంటుంది. దాని బదులు నూలు దారం వాడండి. ఇనప పిన్నులు వానాకాలంలో తుప్పు పట్టి మరక చేస్తాయి, తీసేయండి. జిరాక్సు కాపీని నేరుగా ప్లాస్టిక్ కవరులో పెడితే వేడికి అక్షరాలు కవరుకు అంటుకుంటాయి, మధ్యలో ఒక తెల్ల కాగితం పెట్టండి. ఏటీఎం స్లిప్పులు, కొన్ని ఫీజు రసీదులు వేడితో అచ్చు పడే కాగితం మీద ఉంటాయి. వాటి మీది అక్షరాలు ఎండకు వెలిసిపోతాయి. అవసరమైనవి అయితే అదే రోజు జిరాక్సు తీయించండి.

లామినేషన్ సంగతి. భద్రం అనుకుని చాలామంది పట్టాలకు లామినేషన్ చేయిస్తారు. తొందర పడొద్దు. ముద్ర ఉబ్బు, వాటర్‌మార్క్ సరిగా కనపడవు. పైగా కడప, రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు పోయేవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. విదేశాలకు పోవాలంటే సర్టిఫికెట్ వెనక అటెస్టేషన్ ముద్రలు, స్టిక్కర్లు పడాలి. ప్లాస్టిక్ పొర మీద అవి ఎలా వేస్తారు? లామినేషన్ ఊడదీయబోతే కాగితమే చినుగుతుంది. ఒరిజినల్‌ను కవరులో పెట్టుకోండి చాలు.

చెదలు మరో శత్రువు. సొరుగును గోడకు ఆనించకుండా బెత్తెడు దూరం జరపండి. మట్టి మిద్దె ఇల్లయితే నేలకు ఆనుకుని ఉన్న అరలో కాగితాలు పెట్టనే పెట్టొద్దు. బాగా ఎండిన వేపాకు పలచటి గుడ్డలో కట్టి పెట్టడం మన పెద్దలకు అలవాటే. దానికంటే ముఖ్యం, రెండు మూడు నెలలకు ఒకసారి తెరిచి చూడటం. చెదలు తెరవని చోటే పుడతాయి.

నీళ్లు చెప్పి రావు

కరువు సీమలో వరద భయమేంటి అనుకోవద్దు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. ఆ రోజుల్లో శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. నీళ్లు మిద్దెల దాకా ఎక్కాయి. ప్రాణాలు దక్కించుకుని పైకి పోయినవాళ్లు కిందికి దిగి చూస్తే అలమారాల్లో బురద. 2021 నవంబర్ 19న అప్పటి కడప జిల్లా రాజంపేట ప్రాంతంలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు ఒడ్డున పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు తెల్లవారే లోపు ఛిన్నాభిన్నమయ్యాయి. ఇళ్లే కొట్టుకుపోయిన చోట సొరుగుల ముచ్చట ఎవరు అడుగుతారు? కానీ తర్వాత సాయం తీసుకోవాలన్నా, పిల్లలను మళ్లీ కాలేజీలో చేర్చాలన్నా కాగితమే కావాలి.

అందుకే మొదటి కుప్ప పెట్టె ఒక చేత్తో పట్టుకుని బయటికి పరుగెత్తేంత చిన్నదిగా ఉండాలి. నీళ్లు చొరబడని కవరులో ఉండాలి. కింది అరలో కాదు, తల ఎత్తులో ఉండాలి. ఇంట్లో అందరికీ అది ఎక్కడుందో తెలియాలి. ఈ నాలుగు షరతులకూ పైసా ఖర్చు లేదు.

ఫోన్‌లో ఉంది కదా అంటారా?

డిజీలాకర్ 2015 నుంచి ఉంది. మంచి సౌకర్యం, తప్పకుండా వాడండి. కానీ ఒక తేడా తెలుసుకోండి. బోర్డో, యూనివర్సిటీయో, ప్రభుత్వ శాఖో నేరుగా అందులోకి పంపిన పత్రం వేరు. మీరు ఫొటో తీసి ఎక్కించుకున్న పత్రం వేరు. నిబంధనల ప్రకారం ఒరిజినల్‌తో సమానంగా చూసేది మొదటి రకాన్ని. రెండోది మీ దగ్గర ఒక కాపీ ఉంది అన్నంత వరకే. చాలామంది రెండో రకాన్ని చూసుకుని నిశ్చింతగా ఉంటున్నారు.

ఇంకొకటి. డిజీలాకర్ తెరవాలంటే ఓటీపీ రావాలి. ఓటీపీ రావాలంటే ఆధార్‌కు ఇచ్చిన నంబరు బతికి ఉండాలి. సొరుగులో మూలన పడి ఉన్న ఆ పాత సిమ్ కార్డు అదేనేమో చూశారా? రీచార్జ్ చేయకుండా వదిలేసిన నంబరు కొన్నాళ్లకు ఇంకొకరి చేతికి పోతుంది. సొరుగు సర్దే రోజే ఇంట్లో అందరి ఆధార్‌కూ ఏ నంబరు ఉందో సరిచూడండి.

అదే రోజు మీ కాగితాలన్నీ పక్కపక్కన పరిచి మూడు విషయాలు పోల్చండి: పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉందా? స్పెల్లింగులో ఒక 'హెచ్' ఎక్కువైందా? ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకోవడానికి మామూలుగా ఒక్కసారే అవకాశం, పేరుకు రెండుసార్లు. కాబట్టి మెమోను ముందు పెట్టుకుని దాని ప్రకారమే మార్పించండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక నంద్యాల వైపు పిల్లల మెమోల్లో కర్నూలు జిల్లా, కొత్త కాగితాల్లో నంద్యాల జిల్లా ఉంటుంది. అది మీ పొరపాటు కాదు. అయినా ఎవరైనా అడిగితే తడబడకుండా చెప్పగలగాలి.

ఇది ఎవరి పని?

మన ఇళ్లలో సర్దడం అంటే అమ్మ పని, లేకపోతే అక్క పని. కాగితాల మీద పెత్తనం మాత్రం నాయనది. బీరువా చెవి ఆయన జేబులో ఉంటుంది. ఉద్యోగం వెతుక్కునే అబ్బోడు ఈ రెండింటికీ మధ్య "నాకు తెలీదు" అని నిలబడతాడు. ఇది మారాలి. ఎవరి సర్టిఫికెట్లు వాళ్లే సర్దుకోవాలి. మీ కాగితం ఎక్కడుందో మీకంటే మీ అమ్మకు బాగా తెలిస్తే, అందులో గొప్పలేదు.

ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా పెద్ద సంగతి. పెళ్లి చేసి పంపేటప్పుడు చీరలు, సామాను లెక్కపెట్టి పంపుతారు. డిగ్రీ పట్టా పుట్టింటి సొరుగులోనే ఉండిపోతుంది. మూడేళ్లకు అక్కడ ఒక నోటిఫికేషన్ పడితే, ఎవరో బస్సెక్కి తెచ్చిస్తే తప్ప ఆమె దరఖాస్తు పెట్టలేదు. చెల్లెళ్లూ, మీ ఫైలు మీ వెంట పోవాలి. అన్నదమ్ములూ, ఆ ఫైలు మీరే తయారు చేసి చేతిలో పెట్టండి. దానికి మించిన సారె ఉండదు.

సర్దిన సొరుగు చెదరకుండా ఉండాలంటే ఒక చిన్న అలవాటు చాలు. సొరుగు లోపలి వైపు ఒక కాగితం అంటించి, ఏ కవరులో ఏముందో రాయండి. ఏదైనా బయటికి తీస్తే, దాని చోట ఒక చీటీ పెట్టండి. ఎవరు తీశారు, ఏ రోజు, ఎక్కడ ఇచ్చారు. కాలేజీలో ఒరిజినల్ ఇస్తే రసీదు అడిగి తీసుకుని, ఆ రసీదునే కవరులో పెట్టండి. ఫీజు బకాయి పేరుతో ఒరిజినల్స్ పట్టిపెట్టుకోవడం మన దగ్గర కొత్త కాదు. విద్యాసంస్థలు ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకోకూడదని 2018లోనే యూజీసీ స్పష్టంగా చెప్పింది. ఆ మాట నిలదీసి అడగాలంటే కూడా మీ చేతిలో రసీదు ఉండాలి.

ఫ్యాక్టరీ కూడా ఇదే అడుగుతుంది

ఐటీఐ, డిప్లొమా చదివే మిత్రులకు '5ఎస్' అనే మాట పరిచయమే. జపాన్ ఫ్యాక్టరీల నుంచి వచ్చిన పద్ధతి. అవసరం లేనిది ఏరిపారేయడం, ఉన్నదానికి ఒక చోటు ఇవ్వడం, శుభ్రంగా ఉంచడం, అందరికీ ఒకే పద్ధతి పెట్టడం, దాన్ని అలవాటుగా నిలబెట్టడం. 2024 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో మన ఓర్వకల్లు, కొప్పర్తి రెండూ ఉన్నాయి. రేపు అక్కడి షాప్‌ఫ్లోర్‌లో ఉద్యోగానికి పోతే ఇంటర్వ్యూలో 5ఎస్ అంటే ఏమిటని అడగొచ్చు. గైడులోని ఐదు జపాన్ మాటలు అప్పజెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. "మా ఇంట్లో కాగితాల సొరుగు ఇలా సర్దినాను సార్" అని చెప్పగలిగేవాళ్లు కొందరే. గుర్తుండేది ఆ కొందరే.

ఈ నేలకు ఈ పని కొత్తదేం కాదు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడే బంగళా కొని, పండితులను పెట్టి, ఇళ్లలో చెదలు తింటున్న తాటాకులు తెప్పించి, ప్రతులు పోల్చి శుద్ధంగా రాయించాడు. అలా వెతికి తీసి సర్దినందువల్లే వేమన పద్యాలు అన్ని దక్కాయి. ఆ బంగళా చోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం నడుస్తోంది.

ప్రభుత్వానికీ ఒక మాట

భారమంతా మన సొరుగు మీదే వేయడం న్యాయం కాదు. చదివింది ప్రభుత్వ బడి, మెమో ఇచ్చింది ప్రభుత్వ బోర్డు, కుల సర్టిఫికెట్ ఇచ్చింది ప్రభుత్వ కార్యాలయం. అవే కాగితాలు మళ్లీ ప్రభుత్వ ఉద్యోగానికి మనమే మోసుకుపోయి చూపించాలి. 2019 అక్టోబర్ నుంచి ఊరూరా సచివాలయాలు వచ్చాయి, అన్నీ కంప్యూటర్లలోనే ఉన్నాయి. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎక్కడ చదివామో ఒక బటన్‌తో తేలే రోజు రావాలి. వలస పోయిన కూలీల పిల్లలకు ముందుగా రావాలి. ఆ మాట అడుగుతూనే ఉందాం.

కానీ అడిగే రోజు వచ్చేదాకా కౌంటర్‌లో కూర్చున్న మనిషి చేయి చాస్తే, కాగితం పెట్టాల్సింది మీరే. వచ్చే ఆదివారం మ్యాచ్ మొదలయ్యే లోపు రెండు గంటలు తీయండి. చాప పరవండి, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఏది ఏమిటో అడగండి. అన్నీ దొరికితే సంతోషం. ఏదైనా దొరకకపోతే అంతకంటే మేలు. ఎందుకంటే అది లేదని మీకు ఈరోజే తెలిసింది, పరిశీలన రోజున కాదు. సోమవారం పొద్దున సచివాలయం తెరిచే ఉంటుంది.